వీధి మొదలు నది వఱకు

పురమునందు వసించువాడు పౌరుడు. నగరమునకు సంబంధించినది నాగరికత. ఈ రెండు మాటలును ఊరినుండియే పుట్టినవి. అయినను మన తరగతులలో పౌరశాస్త్రమను పేర నేర్పబడునది చాలవఱకు ఢిల్లీయందు మొదలై ఢిల్లీయందే ముగియుచున్నది. రాష్ట్రపతి యధికారము లెవ్వియని యడిగిన తడుముకొనకుండ చెప్పు విద్యార్థి, తన యింటి మోరీలోని నీరు ఎచ్చటికి పోవునని యడిగినచో పైకప్పు వంక చూచును. మేమిది పరిహాసమునకు చెప్పుట లేదు. ఈ విద్యాసంవత్సరారంభమున మా తొమ్మిదవ తరగతివారిని ఈ ప్రశ్న యడిగితిమి. ముగ్గురు మాత్రము "మూసీకి" అనిరి. అందొకడు మూసీయొడ్డు బస్తీలో కాపురముండు బాలుడు; వానికిది పుస్తకజ్ఞానము గాదు.

అందుచేత శనివారపు మధ్యాహ్నములందు, మేమును, రాగోరిన విద్యార్థులును గలసి, పాఠశాల ద్వారము మొదలు నది వఱకు నడచుట కారంభించితిమి. హైదరాబాదునందు కోఠీనుండి నయాపూలు ఎంతో దూరము లేదు. ఆటోలో పదినిమిషముల పని. మాకు ఏడు శనివారములు పట్టెను. ఇంకను పూర్తి కాలేదు. అంత యాలస్యమేలయని పలువురు తలిదండ్రులు అడిగినందున, ఆ నడకలను గుఱించి ఈ సంచికలో వ్రాయుచున్నాము.

వాహనమున పోవువానికి నగరమున రెండే చోట్లుండును: ఎక్కినది, దిగినది. నడుమనున్న దంతయు అడ్డంకి. నడచువాని కట్లుగాదు. వాని కాలిక్రింద ప్రతి గజము నేలకును ఒక సమాచారము కలదు. ఇచ్చట ఫుట్‌పాత్ రాయి లేచియున్నది. ఇచ్చట దుకాణపు మెట్లు వీధిలోనికి దిగినవి. ఇచ్చట విద్యుత్తు స్తంభము నడచువాని దారికి సరిగా నడుమ పాతబడియున్నది. భారతదేశమంతట స్వేచ్ఛగ సంచరించు హక్కును రాజ్యాంగము 19వ అధికరణమున మనకిచ్చినది గాని, పుత్లీబౌలి కూడలిని కాలినడకను దాటునపుడు ఆ హక్కును తలంచుకొనుటకు తీఱిక చిక్కదు.

మొదటి దినమున పిల్లలకు తోపుడుబండ్లవారిపై మిక్కిలి కోపము వచ్చెను. దారికడ్డము వారేయని యొక విద్యార్థి తీర్పు చెప్పెను. సరియే, మీరే వ్రాసికొనుడని చెప్పి, అర ఫర్లాంగు దూరమున దారికడ్డమై యున్న ప్రతి వస్తువును వారిచేతనే నోటుపుస్తకమున ఎక్కించితిమి. బండ్లు కలవు, నిజమే. కాని అంతకంటె ఎక్కువగ కదలక నిలిచియున్న మోటారుసైకిళ్లు, కార్లు, దుకాణముల ప్రకటనపలకలు, ఎవ్వరో యిల్లు కట్టి మిగిల్చిన ఇసుక, కంకర లెక్కకు వచ్చినవి. తోపుడుబండివాడు సాయంకాలము తన బండిని తోసికొనిపోవును. ఇసుకకుప్ప యెచ్చటికిని పోదు. వీధి వర్తకుల జీవనోపాధిని రక్షించుటకును, వారి స్థలములను క్రమపఱచుటకును 2014లో ఒక చట్టము చేయబడినదని చెప్పగా పిల్లలు ఆశ్చర్యపడిరి. కారును ఫుట్‌పాత్‌పై నిలుపుట కట్టి చట్టమేదియు లేదు గదా యని యొక బాలిక యడిగెను.

మా పాఠశాల గోడ ననుసరించి యొక గల్లీ కలదు. వానకాలమున అందు మ్యాన్‌హోలు మూత యొకటి విఱిగిపోయెను. మేమటు పోవుసరికి ఆ రంధ్రమున వేపకొమ్మ యొకటి నిలువుగ నిలుపబడి, దాని కొసను ఎఱ్ఱని గుడ్డపేలిక కట్టబడియుండెను. గల్లీ మూలనున్న చాయి దుకాణపు వృద్ధుడు ఆ పని చేసెనని తెలిసినది. ఎందుకు చేసితివి తాతా యని పిల్లలడుగగా, ఆతడు చాయి వడగట్టుట మానకుండనే "పొద్దుగాల ఈడికెల్లి పోయేది మీరే గద బిడ్డా" అనెను. ఆతనికి వేఱొక యుపన్యాస మక్కఱలేకపోయెను.

ఆ సాయంకాలమే విజ్ఞాపనపత్రము వ్రాయింపబూనితిమి. పిల్లలు మొదట వ్రాసిన ప్రతిలో "దయామయులైన తాము" అను మాట ఆఱుమాఱులు వచ్చినది. ఆ గుంత యెచ్చటనున్నదను సంగతి ఒక్కమాఱును రాలేదు. పాఠశాలలలో మనము నేర్పు లేఖారచన యొక్క ఫలమిది. దయామయులను కొట్టివైచి, గల్లీ పేరు, ఏ యింటి గుమ్మమునుండి ఎన్ని యడుగులు, ఏ తేదీనుండి మూత లేదు, ప్రొద్దుట ఎందఱు పిల్లలు ఆ దారిని వత్తురు, అను నాలుగు సంగతులు వ్రాయించితిమి. అర్జీ పదియాఱు పంక్తులకు దిగెను. మేము పోయిన కార్యాలయమువారు, రోడ్డు తమదే కాని రోడ్డు క్రింది గొట్టము తమది కాదనిరి. గొట్టము ఎవరిదో వారు, మూత విఱుగుటకు రోడ్డుపై లారీలు పోవుటయే కారణము గావున రోడ్డువారినే యడుగుడనిరి. "ఊరుమ్మడి బఱ్ఱె పుచ్చి చచ్చినది" అను సామెతను పిల్లలకు వేఱుగ వివరింప నక్కఱలేకపోయెను. మేము రెండు కార్యాలయములకును ఒకే పత్రమును, రెండవవారికి మొదటివారి జవాబును చేర్చి, మరల ఇచ్చితిమి. మూడవ వారమున క్రొత్తమూత వచ్చినది. అది మా పత్రమువలననే వచ్చెనని చెప్పజాలము. వేపకొమ్మను చాయి దుకాణపువాడు తీసి పొయ్యిలో పెట్టుకొనెను.

రెండవ శనివారము సెలవుదినమగుటచే తెల్లవాఱకముందే బయలుదేఱితిమి. ఆ వేళ నగరము మనకు తెలియని వేఱొక నగరము. దీపముల వెలుతురున పొడుగు చీపుళ్లతో స్త్రీలు వీధి నూడ్చుచుందురు. మనము లేచి తలుపు తీయుసరికి వారు చేసిన పని పూర్తియైయుండుటచే, అది యెవ్వరును చేయని పనియని మనకు తోచును. సుల్తాన్‌బజారు దగ్గర చెత్తబండిలో సంచులు విప్పుచున్న యొక యామెను పిల్లలు పలుకరించిరి. ఆమె చేయి చాచి చూపెను. అరచేత అడ్డముగ మానిన పాతగాటును, దానిపై మానని క్రొత్తగాటును కలవు. "గాజుపెంకలు ఉత్తగ ఎయ్యొద్దని మీ అమ్మకు చెప్పుండ్రి బిడ్డా. కాగితంల సుట్టి, మీద రాసి ఇయ్యిండ్రి. మాకు చీకట్ల ఏం కనబడతది?" అనెను.

విఱిగిన గాజు వస్తువును పాత వార్తాపత్రికలో చుట్టి, పైన "గాజు" అని వ్రాసి, వేఱుగ చేతికిచ్చుటకు పట్టు కాలము ఒక నిమిషము. దీని కొఱకు ఏ ప్రభుత్వ నిధియు అవసరము లేదు, ఏ సభయు తీర్మానింప నక్కఱలేదు. మఱుసటి సోమవారమునుండి మా విద్యార్థుల యిండ్లలో పలుచోట్ల ఇది జరుగుచున్నదని తల్లులు చెప్పిరి. ఒక తల్లి వాడిన సూదులను గూడ మూతగల డబ్బాలో వేసి యిచ్చుచున్నదట. ఆమె అత్తగారు చక్కెరవ్యాధికి మందు సూది వేసికొనునది; ఇన్నాళ్లు అవన్నియు సంచిలోనే పోయెడివి.

చేతులకే ఇట్లున్నచో మనిషినే గొట్టములోనికి దింపుట యెట్టిదో ఆలోచింపుడు. మురుగు గొట్టములలోనికి రక్షణలేక మనుష్యులను దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఐనను అట్లు దిగి విషవాయువులచే ప్రాణములు కోల్పోవువారి వార్తలు ఆగిపోలేదు. గొట్టము పూడుటకు కారణము వాననీరు గాదు. మనము మోరీలో విడుచు గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, వేపుడు నూనె, అన్నము. నూనె వేడిగనున్నపుడు పాఱును; గొట్టములో చల్లబడి గోడకు పట్టును; దానికి గుడ్డపీలిక తగులుకొనును. ఇట్లు దినదినమును సన్నగిల్లిన దారిని తెఱచుటకు ఎవ్వడో దిగవలెను. ఆ ఎవ్వడో యెవ్వరి బిడ్డయని మనము అడుగుట లేదు.

ఇచ్చట ఒక తండ్రిగారి యాక్షేపణను చెప్పుట న్యాయము. ఆయన పాఠశాలకు వచ్చి, "సార్, మేము ఇంటిపన్ను కట్టుచున్నాము, నీటిపన్ను కట్టుచున్నాము. పిల్లలను చదువుకొఱకు పంపితిమి గాని మోరీలు లెక్కపెట్టుటకు గాదు. ఆ పని చేయుటకు జీతగాండ్రున్నారు" అనిరి. ఆయన మాటలో మొదటి సగము ముమ్మాటికి సత్యము. పన్ను గైకొన్నవారు పని చేయవలెను. పౌరుడు చీపురు పట్టెనను నెపముచే ప్రభుత్వము చేతులు ముడుచుకొనరాదు. ప్రముఖులు క్రొత్త చీపుళ్లతో ఫోటోలు తీయించుకొను శ్రమదానములందు మాకంత విశ్వాసము లేదు. కాని పని జరిగెనో లేదో యెఱుగనివాడు పని యెట్లడుగగలడు? నగరపాలనకు రాజ్యాంగస్థానము కల్పించిన 74వ సవరణ 1992లో వచ్చినది. పెద్ద పురములందు వార్డు కమిటీ లుండవలెనని అందు కలదు. తన వార్డు పేరేమో ఆ తండ్రిగారిని మేమడుగలేదు. అది మర్యాద గాదు. వారి కుమారుడే యింటికి పోయి యడిగెనని తరువాత తెలిసినది. నాల్గవ శనివారమున ఆ బాలుడు మరల వచ్చెను, తండ్రిగారును వచ్చిరి.

సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ముందు ఒక ఘడియ నిలిచితిమి. 1901 సెప్టెంబరు 1వ తేదీన ఇది స్థాపింపబడినది. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగు చదువుకొన గోరువానికి ఆశ్రయము తక్కువ. అట్టి దినములలో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు కూడి, చందాలు పోగుచేసి, పుస్తకములు తెచ్చి, ఊరివారి కొఱకు తలుపు తెఱచిరి. వారికట్లు చేయుమని యాజ్ఞాపించినవారు లేరు. పిల్లలు లోనికి పోయి బల్లలయెదుట కూర్చుండి వచ్చిరి. తండ్రిగారు మాత్రము వార్తాపత్రికలో మునిగిపోయినందున ఆయనను లేపుకొనివచ్చుట కొంత కష్టమాయెను.

అఫ్జల్‌గంజునకు చేరినపిమ్మట మా నడక మిక్కిలి నెమ్మదియైనది. ఉస్మానియా ఆసుపత్రి యావరణలో ఒక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి నగరముపై పడినపుడు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరదలో మరణించినవారు పదునైదువేలని సామాన్యముగ చెప్పుదురు. నగరవాసులలో నాల్గవ వంతు నిలువనీడ లేనివారైరి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలను నది కొట్టుకొనిపోయెను. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన పురానాపూలు మాత్రము గాయపడియు నిలిచెను. ఉర్దూకవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆనాడు కోల్పోయెను. సరోజినీనాయుడుగారు వరదబాధితులకు చేసిన సేవకు 1911లో కైసర్-ఇ-హింద్ పతకము నొందిరి. 1919లో జలియన్‌వాలాబాగు దుర్మరణముల పిమ్మట ఆ పతకమును తిరిగి యిచ్చివైచిరి.

చెట్టుక్రింద నిలిచి ఇదంతయు చెప్పుచుండగా ఒక చిన్నది అడిగెను: "ఆ నూటయేబదిమందికి ముందే ఒకరినొకరికి తెలియునా?" పైకొమ్మ మీదివాడు క్రిందివాని చేయి పట్టి లాగుటకు వాని కులమో మతమో పేరో అడిగియుండునా యని ఆ బాలిక యుద్దేశము కాబోలు. మేము జవాబు చెప్పలేదు. ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు ఆ చెట్టునీడనే అన్నము విప్పుకొని తినుచుండిరి. ఒకరు మా పిల్లలకు గూడ పెట్టబోయిరి.

వరద యేల వచ్చెనని విచారించుటకు నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. ఆయన నదిని మాత్రమే చూచి ఊరకొనలేదు. నదికి నీరు తెచ్చు ప్రదేశమంతయు పరిశీలించిరి. మూసీకి ఎగువన చిన్నవి పెద్దవి కలిసి 788 చెఱువులుండగా, ఆ వర్షమునకు 221 చెఱువులు తెగినవి. ఇది మేము ప్రతి సంవత్సరము తరగతిలో నల్లబల్లపై వ్రాయించు సంఖ్య. వర్షము పెద్దదే, కాని తెగిన ప్రతి చెఱువు నీరును దిగువ చెఱువుపై పడి, దానిని తెంచి, రెండింటి నీరును కలిసి మూడవదానిపై పడుచు వచ్చినది. చార్మినారు నీడన నిదురించువానికి ఎగువ పల్లెలోని గట్టు సంగతి యేమి తెలియును? గట్టు తెగునపుడు మాత్రము ఆ సంగతి వాని యింటికి వచ్చును. విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీమీద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి, వీధులను వెడల్పుచేసి, మురుగునీటికి దారులు వేసినది. నదియొడ్డున ఆసుపత్రి, ఉన్నత న్యాయస్థానము, సిటీ కళాశాల భవనములు లేచినవి. ఒక మహావిపత్తు నుండి ఒక నగరము ఇంత నేర్చుకొనుట చరిత్రలో తఱచుగ జరుగదు.

నేర్చినదానిని నిలుపుకొనుట వేఱు సంగతి. 2020 జులైలో కురిసిన వానకు ఉస్మానియా ఆసుపత్రి పాతభవనపు వార్డులలోనికి మురుగునీరు చొచ్చి, రోగుల మంచముల క్రింద నిలిచెను. ఆ నెలలోనే ఆ భవనమును ఖాళీచేసి మూసివైచిరి. వరద పిమ్మట నదియొడ్డున కట్టిన ఆసుపత్రిని తుదకు ఖాళీచేయించినది నది గాదు, మోరీ. అదే సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదున కురిసిన కుంభవృష్టిని మా విద్యార్థులలో చాలమంది యెఱుగుదురు. మూసీయొడ్డు బస్తీలో కాపురముండు పైని చెప్పిన బాలుడు అప్పుడు నాల్గవ తరగతి చదువుచుండెను. నీరు నదివైపునుండి వచ్చునని తండ్రి గుమ్మమునకు ఇసుక బస్తాలు వేసెనట. అది గుమ్మమునుండి రాలేదు. స్నానపుగదిలోని మోరీనుండి నల్లగ పైకుబికి, ఇంటి నడుమనుండి లేచెను. "మేము తలుపుదగ్గర కాపలా కాయుచున్నాము, అది వెనుకనుండి వచ్చినది" అని వాడు చెప్పిన మాటను తరగతివారు నిశ్శబ్దముగ వినిరి. వాని పుస్తకములు, చెల్లెలి బొమ్మలు, తల్లి పెండ్లి చీర ఆ నీటిలో పోయినవి. ఆ మురుగు ఎగువ వీధులలోని మనయందఱిదియు.

ఇది విన్న పిమ్మటనే, మా పాఠశాల దగ్గరనుండి పోవు నాలాను తుదివఱకు కనుగొనవలెనని పిల్లలు పట్టుపట్టిరి. పటము కొఱకు వెదకిరి. చేతికి చిక్కిన పటములలో వీధులు కలవు, గుళ్లు, మసీదులు, చర్చీలు, సినిమాహాళ్లు కలవు, నాలా లేదు. కనుక తామే గీయుటకు సిద్ధపడిరి. ఒక బాలుడు ఉపాయము చెప్పెను. బంతిపూలు ఎగువన వైచి, దిగువన తెఱపియున్న చోట నిలిచి, అవి వచ్చునేమో చూడవలెను. మొదటి తెఱపిచోట నాలుగు నిమిషములకు పూలు వచ్చినవి. పిల్లలు వేసిన కేకకు చుట్టుప్రక్కల వారందఱు మేడలపైకి వచ్చి చూచిరి. నాలాలో పూలు వచ్చుట చూచి ఒక ముసలమ్మ నమస్కరించినది. మేము ఆమెను వారింపలేదు. రెండవచోటికి పదునొకండు నిమిషములు పట్టెను; సంచులు, థర్మాకోలు అడ్డుపడి పూలు సగమే చేరినవి. మూడవచోట అరగంట నిలిచినను ఒక్క రేకయు రాలేదు. నాలా అచ్చట ఒక దుకాణముల వరుస క్రింద దూఱి మాయమగుచున్నది.

నాలాలను కప్పుట సుఖముగనే తోచును. కంటికి కనబడదు, వాసన తగులదు, పైన బండి నిలుపుకొనవచ్చును. 2022 డిసెంబరులో గోషామహల్ చాక్నావాడిలో నాలాపై వేసిన కప్పు కూలి, వాహనములును దుకాణపు సామగ్రియు అందు పడిపోయినవి, మనుష్యులు గాయపడిరి. కప్పినదానిని ఎవ్వరును చూడరు. చూడనిదానిని ఎవ్వరును బాగుచేయరు. ఆ దుకాణదారులనే నిందించుటకును మాకు మనసొప్పదు. వారిలో పలువురు కొన్నవారే గాని ఆక్రమించినవారు గారు. తమ నేలక్రింద నీరున్నదని కొందఱికి మా పిల్లలు చెప్పువఱకు తెలియదు.

నయాపూలుపై నిలిచినపుడు పిల్లలు ముక్కు మూసికొనిరి. ఒకనికి నవ్వు వచ్చెను. ఈ నీరు వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో పుట్టునపుడు స్వచ్ఛమే. దీనికి ముచికుందయని పూర్వనామము. నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర ఇది కృష్ణలో కలియును. నడుమ మన నగరము. దిగువ పల్లెలలో ఈ నీటితోనే వరి పండింతురు, పశువులకు గడ్డి పెంతురు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరమునకు వచ్చును. ఈ సంగతి చెప్పునప్పటికి నవ్వినవాడు నవ్వు మానెను. ప్రొద్దుట తాను త్రాగి వచ్చిన గ్లాసును తలంచుకొనుచుండెనని వాని ముఖము చెప్పినది. అడవులను, సరస్సులను, నదులను కాపాడుట పౌరుని విధియని 1976లో రాజ్యాంగమున చేర్చిన 51-ఎ అధికరణము చెప్పుచున్నది. పరీక్షకు వచ్చు ప్రశ్నయని పిల్లలకది కంఠస్థము. వంతెనపై నిలిచి ఎవ్వరును దానిని వల్లింపలేదు.

మా తరగతి గోడకు ఇప్పుడొక పటము వ్రేలాడుచున్నది. ఆఱు చార్టు కాగితములు అతికి గీసినది, అందమైనది గాదు. గల్లీలు, మ్యాన్‌హోళ్లు, చెత్తకుండీలు, చింతచెట్టు, చాయి దుకాణము అన్నియు కలవు. నీలపుగీతతో నాలాయు కలదు. ఆ గీత మూడవచోట తెగి, నదికి కొంత యీవల మరల మొదలగుచున్నది. నడుమ తెల్లని కాగితము. పోయిన వారము ఆ వరుసలోని కిరాణా వర్తకుడొకడు తానుగా పాఠశాలకు వచ్చి పటము చూచి, తన దుకాణము వెనుకగదిలో బియ్యపు బస్తాల క్రింద పాత ఇనుప మూత యొకటి కలదని, తాను దుకాణము కొన్ననాటినుండి అది తెఱవబడలేదని చెప్పెను. బస్తాలు తీయుటకు ఇద్దఱు పెద్దపిల్లలను వెంటబెట్టుకొని రమ్మనెను. శనివారము మూడుగంటలకు పోవుచున్నాము. టార్చి తెచ్చువారు ఎవరను విషయమై మాత్రము తరగతిలో ఇంకను తగవు తీఱలేదు.